వార్తలు అయ్యేదాకా మూత తీయొద్దు: వరంగల్ రేడియో, పాటలు, తిండి ముచ్చట్లు

కొత్తవాడ_పోరడు
అందరికీ నమస్తే. ఉండేది పుణేలో, పుట్టి పెరిగింది వరంగల్ కొత్తవాడలో. ఒక చిన్న డౌటు ఉంది. దాంతోపాటు కొంచెం సోది కూడా ఉంటుంది, ఓపిక పట్టండి.

మా నాయనమ్మ పొద్దున్నే సర్వపిండి చేసేది. సర్వ అనే గిన్నె లోపల నూనె పూసి, పిండిముద్దను అంచుల దాకా వేళ్లతో ఒత్తేది. నడుమ నడుమ చూపుడు వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసేది. మూత పెట్టాక డ్యూటీ నాది. "వార్తలు అయ్యేదాకా మూత తీయకు బిడ్డా" అని చెప్పి వాకిలి ఊడ్వడానికి వెళ్లేది. రేడియో గూట్లో మోగుతూ ఉండేది. పక్కింట్లో అప్పటికే జంపఖానా (దర్రీ) మగ్గం మొదలయ్యేది. ఆ టకటకలో వార్తలు సగమే వినిపించేవి. నాయనమ్మకు గడియారం చూడటం రాదు. ఆమె లెక్కంతా రేడియో లెక్కే.

ఇప్పుడు నా బాధ: అవి ఏ వార్తలు? ఎన్ని నిమిషాలు? ఐదు నిమిషాలు ఉంచితే నడుమ పచ్చి, ఇరవై ఉంచితే పెంకు. వీడియోల్లో ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. నాయనమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. తెలిసినవాళ్లు చెప్పండి. మీ ఇంట్లో ఏ ప్రోగ్రాం టైమ్‌కి ఏ వంట అయ్యేదో అది కూడా రాయండి.

ఉల్లికాడ
తమ్మీ, మంట ఎంత పెడుతున్నావు? నిమిషాలు తర్వాత. సన్న మంట మీద కాకపోతే ఏ వార్తలు విన్నా లాభం లేదు.

మాది జమ్మికుంట, ఇప్పుడు బాలసముద్రంలో ఉంటున్నాను. మా ఇంట్లో ఉల్లికాడలు పడకపోతే అది సర్వపిండే కాదు. బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం, ఉల్లికాడ. నీళ్లు వేడివి పోసి కలపాలి, లేకపోతే గట్టిపడుతుంది. నువ్వు ముద్ద ఎంత మందం ఒత్తుతున్నావో రాయలేదు.

కొత్తవాడ_పోరడు
మందం చపాతీకి రెండింతలు ఉంటుందేమో అక్కా. స్టీలు గిన్నెలో చేస్తున్నా.

ఉల్లికాడ
స్టీలు గిన్నెనా! అక్కడే దొరికిపోయావు. అడుగు పలుచన, ఒక్క దగ్గర మాడుతుంది, పక్కన పచ్చిగా ఉంటుంది. మందపాటి అల్యూమినియం గిన్నో, ఇనుప మూకుడో తీసుకో.

మట్టెవాడ_మాష్టారు
కొత్తవాడ బాబుకు ఆశీస్సులు. నా వయసు 74. ఏ వార్తలు అన్న ప్రశ్న నాకు నచ్చింది, ఎందుకంటే అప్పట్లో పొద్దున పూట వార్తలు ఒకటి కాదు. 6:45కి ప్రాంతీయ వార్తలు. 6:55కి ఢిల్లీ నుంచి సంస్కృత వార్తలు. ఆ తర్వాత ఢిల్లీ నుంచే తెలుగు వార్తలు వచ్చేవి. మీ నాయనమ్మ చెప్పినవి వీటిలో ఏవో తేలితే గానీ నిమిషాలు తేలవు.

సంస్కృత వార్తలు 1974లో మొదలయ్యాయి. "ఇయమ్ ఆకాశవాణీ" అనగానే మా వీధి పిల్లలంతా "ప్రవాచకః బలదేవానందసాగరః" అని అందుకునేవారు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, వార్తలు చదివే ఆయన పేరు మాత్రం నోటికి వచ్చేసింది.

మా నాన్నగారు మాత్రం రేడియోను చివరిదాకా "దక్కన్ రేడియో" అనే పిలిచారు. నిజాం కాలపు ఆ కేంద్రాన్ని 1950లో ఆకాశవాణి తీసుకుంది. పేరు మారిందని ఆయనకు చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. మాది వాల్వుల రేడియో. స్విచ్ వేశాక వేడెక్కి గొంతు విప్పడానికి అర నిమిషం పట్టేది. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు రాగి జాలీ ఏరియల్. ఏటా పోస్టాఫీసుకు వెళ్లి లైసెన్సు కట్టి, చిన్న పుస్తకంలో స్టాంపు వేయించుకు రావాలి. ఈ మాట చెబితే మా మనవడు నమ్మడు. "పాట వినడానికి లైసెన్సా తాతా" అంటాడు.

జంక్షన్_కాజీపేట
మాష్టారూ, లైసెన్సు మాట గుర్తు చేశారు, మా నాన్న దాచిన పుస్తకం ఇంకా ట్రంకు పెట్టెలో ఉంది.

నేను రైల్వే క్వార్టర్స్ పిల్లాణ్ణి. మా లైన్లో అరవం వాళ్లు, బెంగాలీలు, నాగపూర్ వైపు వాళ్లు, అందరూ ఉండేవారు. ఢిల్లీ నుంచి మద్రాసు పోయే లైను, సికింద్రాబాద్ లైను కలిసే చోటు కాబట్టి మనుషులు కూడా అలాగే కలిసేవారు. బుధవారం రాత్రి 8 అయ్యిందంటే లైను మొత్తం ఒకటే గొంతు, అమీన్ సయానీ. రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా, హిందీ పాటల కార్యక్రమం. షార్ట్ వేవ్ కదా, గొంతు అలలాగా దగ్గరికి వచ్చి దూరం పోయేది. సరిగ్గా ఆ వారం మొదటి పాట ఏదో చెప్పే టైమ్‌కి ఒక గూడ్సు వచ్చేది. ఇంజన్ కూత పోయేలోపు పాట పేరు పోయేది. తెల్లారి స్కూల్లో అడిగి తెలుసుకునేవాళ్లం. సయానీ 2024లో పోయినప్పుడు మా క్వార్టర్స్ వాట్సాప్ గ్రూపులో ఒక్కరోజే రెండు వందల మెసేజ్‌లు.

తిండి అంటే, పక్కింటి అరవం ఆంటీ ఇడ్లీలు మా ఇంటికి, మా అమ్మ పచ్చిపులుసు వాళ్లింటికి. ఆ ఆంటీ పచ్చిపులుసును "కాచని రసం" అనేది. ఉల్లిగడ్డ ముక్కలు పచ్చివే వేయడం చూసి మొదటిసారి భయపడిందట. తర్వాత ఎండాకాలమంతా ఆమే అడిగి తీసుకెళ్లేది.

శివనగర్_సీతాఫలం
రేడియో అంటారు గానీ, మా పక్క అసలు గడియారం ఆజంజాహీ మిల్లు సైరన్. 1934లో పెట్టిన మిల్లు. షిఫ్టు సైరన్ మోగితే బియ్యం ఎసట్లో పడేవి. మా తాత అక్కడే పనిచేసేవాడు. మిల్లు మూతపడ్డాక కూడా కొన్నాళ్లు మా అవ్వ ఆ టైమ్‌కి పొయ్యి ముందు కూర్చునేది. అలవాటు.

కొత్తవాడ_పోరడు
అన్నా, సైరన్ నాకు లీలగా గుర్తు. నాయనమ్మ వార్తలే అన్నది, సైరన్ కాదు.

గుంటూరు_కారం_బ్యాచ్
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నాది గుంటూరు. 1994 నుంచి నాలుగేళ్లు కాజీపేట ఆర్‌ఈసీలో ఇంజనీరింగ్ చదివాను (ఇప్పుడు ఎన్ఐటీ అంటున్నారు, నా సర్టిఫికెట్ మీద మాత్రం ఆర్‌ఈసీయే). మీరు సర్వపిండి అంటున్నది మా వైపు తపాలచెక్క కాదా? రెండూ ఒకటే కదా!

ఉల్లికాడ
ఒకటే అంటే ఊరుకోను. 😄

శివనగర్_సీతాఫలం
సర్వలో చేస్తే సర్వపిండి, గిన్నెలో చేస్తే గిన్నెపిండి, తపేలాలో చేస్తే తపాలచెక్క. గిన్నె మారితే పేరు మారింది, లొల్లి ఎందుకు?

గుంటూరు_కారం_బ్యాచ్
సరే, లొల్లి విరమించాను. హాస్టల్ ముచ్చట ఒకటి చెబుతాను. నేను మొదట దిగిన రోజు మెస్‌లో వడ్డించే ఆయన "తొక్కు వేయాలా" అని అడిగాడు. తొక్క ఎందుకయ్యా అన్నాను. మా వైపు తొక్కంటే పండు మీద ఉండేదే, ఇక్కడ పచ్చడట. అందరూ నవ్వారు. వారం తిరిగేసరికి నేనే "ఇంకొంచెం తొక్కు వెయ్యన్నా" అంటున్నాను.

అప్పట్లో క్యాసెట్ల కాలం. హనుమకొండలో ఒక షాపు ఉండేది, పేరు చెప్పను. తెల్ల కాగితం మీద పాటల లిస్టు రాసిస్తే క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాడు. 60 నిమిషాల క్యాసెట్‌లో రెండు వైపులా కలిపి పద్నాలుగు పాటలు పట్టేవి. నేను మూడు రోజులు కూర్చుని లిస్టు రాశాను, మా క్లాసులో ఒకరికి పుట్టినరోజు బహుమతి (ఎవరికని అడగొద్దు). షాపాయన పన్నెండు పాటలు సరిగ్గానే ఎక్కించాడు. పదమూడో పాట దగ్గర ఎవరిదో లిస్టు కలిసిపోయి అయ్యప్ప భజన వచ్చింది. ఆ అమ్మాయి క్యాసెట్ విని "నువ్వు మాల వేసుకున్నావా" అని అడిగింది. నా ప్రేమకథ అక్కడితో సమాప్తం.

జంక్షన్_కాజీపేట
😂😂 పద్నాలుగో పాట ఏమైందన్నా?

గుంటూరు_కారం_బ్యాచ్
సగంలో టేపు అయిపోయింది.

ఎనుమాముల_ఎర్రబస్తా
చాలా రోజులకు మంచి ముచ్చట నడుస్తున్నది. నేను ఎనుమాముల మార్కెట్ దగ్గర పనిచేస్తాను. కారం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. సర్వపిండికైనా తొక్కుకైనా చపాట మిర్చి వాడి చూడండి. పొట్టిగా, ఉబ్బుగా ఉంటుంది కాబట్టి టమాటా మిర్చి అని కూడా అంటారు. రంగు ఎర్రగా దిగుతుంది, మంట తక్కువ. 2025లో మన వరంగల్ చపాటకు జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. అంతకుముందు 2018లో కొత్తవాడ వాళ్ల దర్రీలకు వచ్చింది. పోరడు తమ్మీ, మీ పక్కింటి మగ్గానికి జీఐ వచ్చిందన్నమాట.

రేడియో సంగతి: మా బాపు దుకాణంలో ట్రాన్సిస్టర్ కేవలం ధరల కోసం. పత్తి ధర, మిర్చి ధర చెప్పేదాకా ఎవరూ మాట్లాడొద్దు. పాట రాగానే కట్టేసేవాడు, బ్యాటరీ ఖర్చని. అయిపోయిన సెల్లులు ఎండలో పెట్టి మళ్లీ వేసేవాడు. అందరూ రేడియో రేడియో అని మురిసిపోతుంటే నాకు గుర్తొచ్చేది ఆ కట్టేసిన చప్పుడే. పాట పల్లవి కూడా పూర్తిగా వినని బాల్యం మాది. వరంగల్ ఎఫ్ఎం 103.5 వచ్చాక, నా సొంత డబ్బులతో చిన్న సెట్ కొనుక్కున్నా. ఆ రోజు పొద్దటి నుంచి రాత్రి దాకా కట్టలేదు. వ్యవసాయదారుల కార్యక్రమం కూడా పూర్తిగా విన్నా!

మట్టెవాడ_మాష్టారు
ఎర్రబస్తా గారు రాసింది చదివి మనసు ఒకలా అయింది. అందరికీ ఒకే రేడియో కాదు.

మా వాడ గురించి ఒక మాట చెప్పకపోతే తప్పు. నేరెళ్ల వేణుమాధవ్ గారు 1932లో పుట్టింది మట్టెవాడలోనే. మిమిక్రీ అనే కళకు మన దేశంలో గౌరవం తెచ్చిన మనిషి. 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారు, 2001లో పద్మశ్రీ వచ్చింది, 2018లో వెళ్లిపోయారు. హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌లో ఉన్న కళాప్రాంగణానికి ఆయన పేరే. నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు ఒక సభలో చూశాను. మైకు ముందు ఒక్క మనిషి, చేతిలో ఏమీ లేదు. చిత్తూరు నాగయ్య గొంతు తీశారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన లేచి తెర వెనక్కి తొంగి చూశాడు, నాగయ్య గారు ఎక్కడున్నారా అని. రేడియోలోనైతే గొంతే మనిషి. ఈయన మనిషి ఎదురుగా ఉండి కూడా గొంతును వేరే మనిషిని చేసేవారు.

శివనగర్_సీతాఫలం
మాష్టారూ, మా చిన్నాయన ఆ సభలు చూసి వచ్చి ఇంట్లో కుక్కర్ విజిల్ తీసేవాడు. అమ్మ ఉరికొచ్చి స్టౌ కట్టేసేది. పప్పు ఉడికేది కాదు.

ఉల్లికాడ
పాటలంటే అందరూ రేడియో పాటలే చెబుతున్నారు. మన ఊళ్లలో పాట రేడియోకు ముందు నుంచీ ఉంది కదా.

నాకు సంక్రాంతి అంటే ఒగ్గు డోలు. మా అమ్మమ్మ వాళ్లది ఐనవోలుకు దగ్గరి ఊరు. మా ఇళ్లలో ఐలోని మల్లన్న అంటాం. జాతర సంక్రాంతికి మొదలైతే ఉగాది దాకా నడుస్తుంది. ఒగ్గు పూజారులు రంగుల పొడులతో పట్నం (ముగ్గు) వేసి, డోలు కొడుతూ మల్లన్న కథ చెప్పేవారు. ఒకాయన కథ చెబుతుంటే పక్కాయన "ఆఁ, అట్లనా, తర్వాత?" అని వంత పాడేవాడు. నడుమ నడుమ హాస్యమాడేవాడు. ఏడుపు ఘట్టం వచ్చినప్పుడు అదే మనిషి కొంగు కప్పుకుని ఆడమనిషిలా ఏడిస్తే మేమూ ఏడ్చేవాళ్లం. జనగామ వైపు మాణిక్యపురం చుక్క సత్తయ్య గారి కథ ఒక్కసారి విన్నాను. రాత్రి మొదలై తెల్లారే దాకా. 2017లో ఆయన పోయారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో సకినాలు. కొత్త బియ్యం రాత్రి నానబోసి, వడకట్టి, తడిపిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలపాలి. పాత ధోతి పరిచి ఏడెనిమిది మంది ఆడవాళ్లు చుట్టూ కూర్చునేవారు. పిండిని బొటనవేలు, చూపుడు వేలి మధ్య మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు. మా పెద్దమ్మ చుట్టింది తాడు పేనినట్టు ఉండేది, నాది వానపాములా. నాది తీసి మళ్లీ ముద్ద చేసేసేవారు, ముఖం మీదే. నూనెలో వేసే ముందు బట్ట మీద కాస్త ఆరాలి. ఆ ఆరే టైమ్‌లో మాత్రం రేడియో పెట్టేవారు, పాటల కార్యక్రమం. చేతులకు పిండి కాబట్టి గొంతు పెంచడానికి మోచేత్తో తిప్పేది మా పెద్దమ్మ. ఆ బటన్ చుట్టూ ఎప్పుడూ తెల్లగా ఎండిన పిండే.

కొత్తవాడ_పోరడు
అక్కా, ఆ ఎండిన పిండి మాట చదవగానే మా రేడియో కళ్లముందుకు వచ్చింది. మా దాని మీద పసుపు ఉండేది.

జంక్షన్_కాజీపేట
బతుకమ్మ ఊసు ఎవరూ ఎత్తలేదేంటి? చివరి రోజు, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గర చెరువు గట్టున చేసే లొల్లి...

ఉల్లికాడ
లొల్లి కాదు తమ్మీ, పాట! ఒక్కామె ముందు అందుకుంటే వందమంది "ఉయ్యాలో" అంటారు. ఆ ముందు అందుకునే ఆమెకు మైకు అక్కర్లేదు. మొదటి రోజు, ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర మొదలుపెడితే, సద్దుల నాటికి గొంతు బొంగురు పోయేది. ఇప్పుడు పెద్ద సౌండ్ బాక్సుల్లో డీజే పాట పెట్టి దాని చుట్టూ తిరుగుతున్నారు. పిల్లలు ఆడుతున్నారు కదా అని సర్దుకుంటా గానీ, చప్పట్లు ఆ పాటకు పడవు. మా అత్తగారు మాత్రం సౌండ్ కట్టేయించి తనే అందుకుంటుంది. ఆమెకు 81.

సద్దులంటే పెరుగు, చింతపండు పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వుల సద్ది. పంచిపెట్టేటప్పుడు అన్నీ ఒకే దొన్నెలో పడి కలిసిపోతాయి. ఆ కలిసిన రుచి ఇంట్లో విడిగా వండుకుంటే రాదు. మలీద ముద్దలో నెయ్యి ఎక్కువ పడ్డదెవరింటిదో అందరికీ తెలుసు. గట్టు మీద అందరూ ఆ పళ్లెం పక్కనే నిలబడతారు.

ఎనుమాముల_ఎర్రబస్తా
రేడియోలో పేరు చదివించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? పోస్టుకార్డు రాసి పాట అడిగేవాళ్లు కదా.

శివనగర్_సీతాఫలం
మా మేనమామ! కార్డు మీద వాడ మొత్తం పేర్లు రాసేవాడు, చివర "మరియు మిత్రబృందం". ఆరు కార్డులు రాస్తే ఒకసారి చదివారు. చదివే రోజు కరెంటు పోయింది. వేరే వీధి వాళ్లు విని వచ్చి చెప్పారు. వాళ్లకు చాయ్ పోయించి మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు, "నా పేరు ముందు చదివారా, వెంకన్నది ముందు చదివారా?" అని.

మట్టెవాడ_మాష్టారు
పోరడు బాబూ, నీ అసలు ప్రశ్న గాలికి పోయింది. ఇంట్లో పెద్దవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? ఒక ఫోన్ చేసి అడగరాదూ?

కొత్తవాడ_పోరడు
మేనత్త ఉంది మాష్టారూ, కరీమాబాద్‌లో. రేపు చేస్తాను.

కొత్తవాడ_పోరడు
అత్తకు ఫోన్ చేశాను. మీ పోస్టులన్నీ చదివి వినిపించాను, గంటన్నర పట్టింది. అయ్యప్ప భజన దగ్గర ఆమె దగ్గు ఆగలేదు.

జవాబు ఇది. ప్రాంతీయ వార్తలు మొదలైనప్పుడు మూత పెట్టాలి, "ఇయమ్ ఆకాశవాణీ" వినిపించగానే దింపాలి. అంటే 6:45 నుంచి 6:55. పది నిమిషాలు. నాయనమ్మకు సంస్కృతం రాదు కాబట్టి "అర్థం కాని వార్తలు రాగానే తీయి" అని చెప్పేదట. నేను పిల్లవాణ్ణి కాబట్టి "వార్తలు అయ్యేదాకా" అనే ముక్క ఒక్కటే గుర్తుంది.

ఇంకో మాట కూడా చెప్పింది. రెండోసారి ఒత్తేముందు సర్వను బోర్లించి అడుగు మీద నీళ్లు చల్లి చల్లార్చాలి. వేడి గిన్నెలో పిండి అతకదు, చేతులు కాలతాయి. నాయనమ్మ దగ్గర అందుకే రెండు సర్వలు ఉండేవట, ఒకటి పొయ్యి మీద, ఒకటి నీళ్ల తొట్టి దగ్గర. నేను మాత్రం ఒక్క గిన్నెతో వేళ్లు కాల్చుకుంటున్నా.

ఉల్లికాడ
పది నిమిషాలు కుంపటి మీద లెక్క. గ్యాస్ మీద ఎనిమిదికే వాసన చూడు. అంచు గిన్నెను వదిలిందంటే అయినట్టే.

గుంటూరు_కారం_బ్యాచ్
ఇప్పుడు రేడియో ఫోన్‌లోనే వస్తుంది కదా. యాప్ పెట్టుకుని వార్తల టైమ్‌కి వండితే సరి.

జంక్షన్_కాజీపేట
యాప్‌లో కాస్త ఆలస్యంగా వస్తుంది అన్నా. సర్వపిండి మాడుతుంది.

కొత్తవాడ_పోరడు
ఈ పొద్దున చేశాను. ఇనుప మూకుడు కొన్నా. యాప్ పెట్టా. మొదటిది బాగా వచ్చింది, అడుగు ఎర్రగా, పైన మెత్తగా. మా అమ్మాయి చిల్లుల్లో వేలు పెట్టి చూస్తూ కూర్చుంది. రెండోదానికి నీళ్లు చల్లడం మర్చిపోయా, బొటనవేలు బొబ్బెక్కింది. ఈ పోస్టు ఎడమచేత్తో కొడుతున్నా. ఎర్రబస్తా అన్నా, చపాట కారం పుణేకు పార్సిల్ వేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పు, రెండు కిలోలు కావాలి.

ఎనుమాముల_ఎర్రబస్తా
నేనే వేస్తా తమ్మీ. అడ్రస్ ఇక్కడ పెట్టకు, మెసేజ్‌లో పంపు. బొబ్బ మీద కారం చేత్తో ముట్టుకోకు.